విత్తనం దాచుకున్నవాళ్లం

(మన సంఘం ఆదివాసీ దినోత్సవ సభల్లో, యువతీ యువకుల సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



 తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పూట మేము మాట్లాడాలనుకున్నది మీతోనే.

ఏటా ఆగస్టు 9 వస్తుంది. కొమ్ములు కట్టుకుంటాం, డోలు కొడతాం, రేల పాటలు పాడుకుంటాం. ఐక్యరాజ్యసమితి 1994లో ఈ రోజును ప్రపంచ ఆదివాసుల దినంగా ప్రకటించింది. పండగ పండగలాగే బాగుంటుంది. కానీ మరునాడు పొద్దున మీలో చాలామంది మళ్లీ ఒకే ప్రశ్నతో లేస్తారని మాకు తెలుసు. ఇవాళ మా మాటలన్నీ ఆ ప్రశ్న గురించే.

ముందుగా 'మేము' అంటే ఎవరో చెప్పాలి. ఇది ఒక్కరు రాసిన ప్రసంగం కాదు. సంఘంలో ఉన్న పన్నెండుమందిమి రెండు ఆదివారాలు కూర్చుని రాసుకున్నాం. మాలో టీచర్లున్నారు, స్టాఫ్ నర్సు ఉంది, ఫారెస్ట్ బీట్ ఆఫీసరు ఉన్నాడు, బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, అటెండరుగా చేరి సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన పెద్దాయన ఉన్నాడు. మూడుసార్లు గ్రూప్స్ రాసి, ఉద్యోగం రాక, ఊళ్లో కిరాణా కొట్టు పెట్టుకున్న తమ్ముడూ ఉన్నాడు. అందరం మా మా ఇళ్లలో మొదటిసారి పదో తరగతి దాటినవాళ్లమే. ఇక్కడ చెప్పేవాటిలో కొన్ని గెలిచి నేర్చుకున్నవి. ఎక్కువ మాత్రం దెబ్బతిని నేర్చుకున్నవి.

సభకు ముందు మీచేత చీటీలు రాయించాం. పేరు రాయొద్దు, అడగాలనుకున్నది రాయండి అన్నాం. ఏ కోర్సు మంచిది, కోచింగ్ ఎక్కడ బాగుంటుంది లాంటివి వస్తాయనుకున్నాం. అవీ వచ్చాయి. కానీ ఒకే ప్రశ్న వేరువేరు చేతిరాతల్లో మళ్లీ మళ్లీ వచ్చింది: "చదివితే మాత్రం ఏమొస్తుంది?" ఒక చీటీలో ఇలా ఉంది: "మా అక్క డీఎడ్ చేసి ఆరేళ్లయింది. ఇప్పుడు మిరప తోటకు కూలికి పోతున్నది. నేనెందుకు చదవాలి?" ఆ చీటీ చదివాక మాలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. 'బాగా చదువుకో తల్లీ, అంతా మంచే జరుగుతుంది' అంటే ఆ పిల్లకు అబద్ధం చెప్పినట్టే.

కాబట్టి ముందు నిజం చెప్పుకుందాం.

మా తరానికి ఒక దారి ఉండేది. 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబర్ 3 ఆ దారి. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే అన్నది ఆ జీవో. మన పిల్లల భాష తెలిసిన పంతులు మన బడిలో ఉండాలి, రోజూ బడికి వచ్చే పంతులు ఉండాలి అన్నది దాని వెనకున్న ఆలోచన. మాలో నలుగురు ఆ దారిన వచ్చినవాళ్లే. మమ్మల్ని చూసి ఊరూరా తల్లిదండ్రులు పిల్లలకు ఒకటే మాట చెప్పారు: ఇంటర్ కాగానే డీఎడ్ చెయ్యి, లేకపోతే బీఎడ్ చెయ్యి, పంతులు ఉద్యోగం ఎక్కడికీ పోదు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి నిలవదని చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను కదిలించలేదు. కానీ అప్పుడు చదువుతున్నవాళ్లకు కాళ్ల కింద నేల కదిలింది. కరోనా రోజులవి. హాస్టళ్లు మూసేస్తే ఊళ్లో కూర్చున్న పిల్లలకు ఆ కబురు ఫోన్లో తెలిసింది.

ఇంకో నిజం కూడా ఉంది. తెలంగాణలో టీచరు పోస్టులకు 2017లో నోటిఫికేషన్ వచ్చాక, మళ్లీ డీఎస్సీ పరీక్ష జరిగింది 2024లో. అప్పుడు 11,062 పోస్టులు. ఆంధ్రాలో 2018 డీఎస్సీ తర్వాత 2025లో పరీక్ష పెట్టారు. 16,347 పోస్టులు. రెండు చోట్లా దాదాపు ఏడేళ్లు. 2014లో భద్రాచలం చుట్టుపక్కల ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రాలో కలిసినప్పుడు మనలో చాలా ఇళ్లలో అన్న ఒక రాష్ట్రం, చెల్లెలు ఒక రాష్ట్రం అయిపోయారు. ఒక చోట లోకల్ అయినవాళ్లు ఇంకో చోట నాన్‌లోకల్. గట్టు ఒకటే, వేల్పు ఒకటే, ఎదురుచూపులు మాత్రం రెండు చోట్ల.

గ్రూప్-1 సంగతీ అంతే. 2022లో 503 పోస్టులకు తెలంగాణలో నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు, రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, అదీ రద్దయింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. అశోక్‌నగర్ గదుల్లో అద్దె కట్టుకుంటూ రెండుసార్లు ఒకే పరీక్ష రాసి, మూడోసారికి డబ్బులైపోయి బస్సెక్కినవాళ్లు ఈ హాలులోనే ఉన్నారు.

భయపెట్టడానికి ఈ లెక్కలు చెప్పడం లేదు. ఏడేళ్లు నోటిఫికేషన్ రాకపోతే అది నీ తెలివితక్కువతనం కాదు. పరీక్ష రద్దయితే అది నీ చదువులో లోపం కాదు. మన పిల్లలు తమవి కాని తప్పులు కూడా తలకెత్తుకుని, మేము ఇంతే, మాకు రాదులే అని ఇంట్లో కూర్చుంటున్నారు. ఆ బరువు ముందు దించెయ్యండి. అయితే ఒకటి మాత్రం మన చేతిలో ఉంది. బతుకంతా ఒకే నోటిఫికేషన్ మీద పెట్టాలా వద్దా అన్నది మనమే తేల్చుకోవాలి.

ఇక్కడ మన ఇళ్ల సంగతి ఒకటి గుర్తుచేస్తాం. పెద్దవాళ్ల ఇళ్లలో పొయ్యి పైన దూలానికి సొరకాయ బుర్ర వేలాడుతుండేది. అందులో వచ్చే ఏటి విత్తనం. తిండిగింజలు అయిపోయి, ఇప్పపూలు ఉడకబెట్టుకుని, అడవి గడ్డలు తవ్వుకుని, అంబలి తాగి పూట గడుపుకున్న రోజుల్లో కూడా ఆ బుర్ర కిందికి దించేవాళ్లు కాదు. పిల్లలు ఏడ్చినా దించేవాళ్లు కాదు. తొలకరికి ముందు విజ్జ పండుం నాడు ఇంటింటి నుంచీ గింజలు తెచ్చి వేల్పు ముందు పెట్టి, మళ్లీ పంచుకుని పోయి చల్లుకునేవాళ్లు.

వాన వస్తుందని వాళ్లకు ఎవరూ మాటివ్వలేదు. వచ్చిన నాడు చల్లడానికి చేతిలో గింజ ఉండాలని దాచారు, అంతే. ఒకే రకం గింజా దాచలేదు. జొన్న, సామ, కంది, మొక్కజొన్న అన్నీ దాచారు. ఒకటి పోతే ఇంకొకటి నిలుస్తుందని. ఆశ అంటే మాకు తెలిసింది ఇదే. ఉత్సాహం రోజూ ఉండదు. మాకూ ఉండలేదు. ఉత్సాహం లేని రోజున కూడా విత్తనం తినెయ్యకుండా ఉండగలిగితే చాలు.

ఇక పనికొచ్చే మాటలు నాలుగు చెబుతాం.

మొదటిది, ఎప్పుడూ రెండు దారులు పెట్టుకోండి. ఒకటి మీరు నిజంగా కోరుకునేది. రెండోది రెండు మూడేళ్లలో చేతికి పని ఇచ్చేది. రెండోది పెట్టుకుంటే మొదటిదాని మీద మనసు తగ్గినట్టు కాదు. రెండోది ఉన్నవాళ్లే మొదటిదాని కోసం ఎక్కువ కాలం నిలబడగలిగారు. మా ఎలక్ట్రీషియన్ తమ్ముడి సంగతి చూడండి. పదో తరగతిలో లెక్కలు పోయాయి. సప్లిమెంటరీలో పాసై ఐటీఐలో చేరాడు, అప్రెంటిస్ చేశాడు, నాలుగేళ్లు కాంట్రాక్టు పని చేశాడు. ఆ జీతంతోనే పుస్తకాలు కొనుక్కుని పరీక్ష రాసి పర్మినెంట్ అయ్యాడు. ఇల్లందులో 1889 నుంచి బొగ్గు తీస్తున్నారు. మన నేల కింది బొగ్గు అది. ఆ గనుల్లో చేతిపని తెలిసిన మనవాళ్లు ఇంకా ఎంతమంది ఉండాలో మీరే ఆలోచించండి.

పదో తరగతి తర్వాత పాలిసెట్ ఉంది, వ్యవసాయ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, ఐటీఐ ఉంది. ఇంటర్ తర్వాత నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులున్నాయి. అడవి గురించి మనకంటే ఎవరికి తెలుసు? ఆ తెలివికి డిగ్రీ కూడా ఉంది. బీఎస్సీ ఫారెస్ట్రీ చెప్పే కాలేజీ ములుగులో ఉంది, అయితే అది మన ములుగు కాదు, సిద్దిపేట జిల్లా ములుగు. మన ములుగుకు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. ఇలాంటి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో చేరాలంటే సీయూఈటీ రాయాలి. దాని ఫారం సాధారణంగా ఇంటర్ ఫలితాలు రాకముందే నింపాలి. ఫలితాలు చూసుకుని నింపుదామని ఆగితే గడువు దాటిపోతుంది. ఏటా మన పిల్లలు ఇక్కడే ఆగిపోతున్నారు. మార్కులు తక్కువై కాదు, తేదీ తెలియక.

మన భాషను తక్కువ చేసుకోకండి. మా స్టాఫ్ నర్సు చెల్లెలు ఒక రాత్రి సంగతి చెప్పింది. గుత్తి మీదున్న ఊరి నుంచి ఒక ముసలవ్వను మంచం మీద మోసుకొచ్చారు. ఆమెకు కోయ తప్ప వేరే మాట రాదు. ఎక్కడ నొప్పో, ఎప్పటి నుంచో ఎవరికీ అర్థం కాలేదు. ఈ చెల్లెలు పక్కన కూర్చుని కోయలో పలకరిస్తే అవ్వ అంతా చెప్పుకుంది. అది విని డాక్టరు మందు మార్చాడు. హాస్టల్లో ఏ భాష మాట్లాడితే మిగతా పిల్లలు నవ్వారో ఆ భాషే ఆ రాత్రి పనికొచ్చింది.

లాయర్లు కూడా కావాలి. మనం 1/70 అని పిలుచుకునే భూబదలాయింపు నిబంధన వచ్చి యాభై ఏళ్లు దాటింది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. రెండూ మనకోసం వచ్చినవే. కానీ కోర్టులో మన తరఫున నిలబడే మనిషి కోసం ఇప్పటికీ పట్నం వైపే చూస్తున్నాం. ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా కోర్సు ఉంది, డిగ్రీ తర్వాత మూడేళ్లది ఉంది.

డోలీ కథలు చెప్పిన సకిని రామచంద్రయ్య తాతకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో తాత వెళ్లిపోయాడు. ఆయన నోట్లో ఉన్న కథల్లో ఎన్ని మన చేతికి అందాయి, ఎన్ని ఆయనతోనే పోయాయి? వాటిని వినడం, రికార్డు చేయడం, రాయడం కూడా ఒక చదువు. ఆదిలాబాద్ గుంజాల ఊళ్లో దొరికిన గోండీ రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. భాషాశాస్త్రం, మానవశాస్త్రం చదివితే ఇలాంటి పని చేయవచ్చు. పీహెచ్‌డీ చేసే ఎస్టీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది. విదేశాల్లో చదవాలనుకునేవాళ్లలో ఏటా 20 మందికి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయం ఉంది.

సర్కారు ఉద్యోగం వస్తేనే మనిషి అన్న మాట కూడా మానుకుందాం. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు కలిసి ఇప్పపూల లడ్డూలు చేసి అమ్ముతున్నారు. అరకులో మనలాంటి గిరిజన రైతులు పండించే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా కిరాణా కొట్టు తమ్ముడు మూడుసార్లు గ్రూప్స్ తప్పినవాడే. ఆ చదువుకే అతనికి లెక్కలు, చట్టాలు, దరఖాస్తులు రాయడం వచ్చాయి. ఇవాళ ఊళ్లో ఎవరికి అర్జీ రాయాలన్నా అతని కొట్టు దగ్గరికే పోతారు. చదివింది ఊరికే పోలేదు.

రెండో మాట, కాగితాలు. వినడానికి చిన్న సంగతి. మాలో ఒకరికి సీటు వచ్చి కూడా పోయింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, కుల ధ్రువీకరణ పత్రంలో మూడోలా ఉంది. వెరిఫికేషన్ రోజున సరిచేసుకోవడానికి టైము ఇవ్వలేదు. ఆ ఏడాది పోయింది. మన పేర్లను బడిలో ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు, దాని ఫలితం మనం అనుభవిస్తున్నాం. అందుకని ఈ నెలలోనే మీ మెమో, ఆధార్, కుల, ఆదాయ, నివాస పత్రాలు ఒక చోట పరిచి అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే ఇప్పుడే మీసేవకు వెళ్లండి. నోటిఫికేషన్ వచ్చాక కాదు. ఒరిజినల్స్ ఎవరి దగ్గరా వదిలిపెట్టకండి, ముఖ్యంగా ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంట్ల దగ్గర. డబ్బు కడితే ఉద్యోగం వస్తుందని ఎవడన్నా చెబితే ఆ మనిషిని ఊరి పెద్దల ముందు కూర్చోబెట్టి ఆ మాటే మళ్లీ చెప్పమనండి. చాలామంది అక్కడికి రారు.

మూడో మాట, వయసు లెక్క. ఇరవై నాలుగేళ్లకే అయిపోయింది అన్నా అనేవాళ్లను చూస్తున్నాం. సివిల్ సర్వీసెస్ పరీక్షకు ఎస్టీ అభ్యర్థులు 37 ఏళ్ల దాకా రాయవచ్చు. ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి లేదు, ఫీజు లేదు. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పరీక్షలకూ ఎస్టీలకు ఫీజు లేదు, వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది. కేంద్ర ఉద్యోగాల్లో మనకు 7.5 శాతం వాటా ఉంది. తెలంగాణలో 2022 నుంచి 10 శాతం, ఆంధ్రాలో 6 శాతం. ఇవి ఎవరి దయా కాదు, పోరాడి తెచ్చుకున్న హక్కులు.

కానీ ఒకటి చెప్పాలి. పరిమితి లేకపోవడం వరమే, ఒక్కోసారి అదే ఊబి. ఇంకో ఏడు చూద్దాం, ఇంకో ఏడు చూద్దాం అంటూ ఎనిమిదేళ్లు పోగొట్టుకున్నవాళ్లు మాలోనే ఉన్నారు. అందుకే గడువు మీరే పెట్టుకోండి. పూర్తి సమయం చదువు ఇన్నేళ్లు, ఆ తర్వాత పని చేసుకుంటూ చదువు అని మొదలుపెట్టేరోజే రాసుకోండి. ఇంట్లోవాళ్లకు చెప్పండి. గడువు అయిపోతే ఓడిపోయినట్టు కాదు, దారి మార్చుకునే రోజు వచ్చిందని అర్థం. ఒక్కో నెలలో ఏ పరీక్షకు ఫారం పడుతుందో గోడ మీద క్యాలెండరులో గీసుకోండి. తునికాకు సీజను ఎప్పుడో, ఇప్పపూలు ఎప్పుడు రాలతాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా. ఫారాలకూ సీజను ఉంటుంది.

దారి మార్చుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదని చెప్పడానికి ఒక్కరిని గుర్తుచేసుకుందాం. ద్రౌపది ముర్ము గారు ఒడిశాలో మయూర్‌భంజ్ జిల్లా సంతాల్ ఇంటి బిడ్డ. చదువయ్యాక మొదట నీటిపారుదల శాఖలో జూనియర్ అసిస్టెంటు. తర్వాత ఆ ఉద్యోగం వదిలి రాయరంగపూర్‌లో టీచరు. 1997లో కౌన్సిలర్. మధ్యలో కొన్నేళ్ల తేడాలో ఇద్దరు కొడుకులను, భర్తను పోగొట్టుకున్నారు. 2015లో జార్ఖండ్ గవర్నర్, 2022లో రాష్ట్రపతి. మనమందరం రాష్ట్రపతులం అవుతామని ఈ మాట చెప్పడం లేదు. జూనియర్ అసిస్టెంటుగా ఉన్నప్పుడు ఆమెకు ముందున్న దారి కనిపించి ఉండదు. ఆ రోజు చేతిలో ఉన్న పని చేశారు, అవకాశం వచ్చినప్పుడు అడుగు వేశారు.

మన దగ్గరి మాట కూడా ఒకటి. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆ తిరుగుబాటు తర్వాత గోండుల మధ్యకు వచ్చిన హైమెన్‌డార్ఫ్ పూనికతో 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటిదాకా పలకే పట్టని యువకులు అక్కడ అక్షరాలు నేర్చుకుని, వాళ్లే పంతుళ్లై తమ ఊళ్లలో బడులు నడిపారు. వాళ్లకు ముందు నడిచి చూపించినవాళ్లు లేరు. మా ముందూ చాలామంది లేరు. మీ ముందు మాత్రం కొంతమందిమి ఉన్నాం.

నాలుగో మాట అక్కడి నుంచే వస్తుంది. ఒంటరిగా ఉండకండి. ఊరు వదిలి పట్నం హాస్టలుకు పోయిన మొదటి సంవత్సరం చాలా కష్టం. క్లాసంతా ఇంగ్లీషు. అన్నం వేరు, నవ్వులు వేరు. రిజర్వేషన్ మీద వచ్చావా అని అడుగుతారు. మమ్మల్నీ అడిగారు. మాలో ఇద్దరు ఆ మొదటి సంవత్సరమే తిరిగి వచ్చేశారు. మళ్లీ వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లగలిగారంటే, బస్టాండు దాకా వచ్చి టికెట్ కొనిచ్చిన సీనియర్ ఒకరుండబట్టి. మీకూ అలాంటి ఒకరు ఉండాలి. మీరూ ఇంకొకరికి అలా ఉండాలి. వారానికి ఒకసారి ఫోన్ చేసే మనిషిని ఒకరిని పెట్టుకోండి. ఫోన్లో బెట్టింగ్ ఆటల దగ్గరికి, అప్పుల యాప్‌ల దగ్గరికి మన పిల్లలు పోతున్నది డబ్బు కోసమే కాదు, ఎవరూ పలకరించని రాత్రుల వల్ల కూడా.

మనసు మరీ బరువెక్కి, బతకడం ఎందుకు అనిపించే రోజు వస్తే దాచుకోకండి. టెలి మానస్ నంబరు 14416. ఎప్పుడైనా చెయ్యవచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. జ్వరం వస్తే ఆసుపత్రికి పోతాం కదా, ఇదీ అలాంటిదే.

ఇక్కడున్న అమ్మలకు, అయ్యలకు ఒక మాట. పరీక్ష తప్పి ఇంటికి వచ్చిన పిల్లకు ముందు అన్నం పెట్టండి, మాట తర్వాత. ఫలానావాళ్ల పిల్లాడికి వచ్చింది, నీకు రాలేదేం అనకండి. ఆడపిల్లకు ఒకసారి రాకపోతే పెళ్లి చేసేద్దాం అనుకోకండి. మగపిల్లాడికి ఇచ్చిన గడువే ఆమెకూ ఇవ్వండి. చదువు కోసం అప్పు చేసేటప్పుడు, భూమి కాగితం తాకట్టు పెట్టేటప్పుడు మాత్రం పదిమందిని అడగండి. ముందు స్కాలర్‌షిప్ ఉందేమో చూద్దాం.

ఉత్త మాటలు చెప్పి పోవడానికి మేము రాలేదు. ఈ నెల నుంచి ప్రతి రెండో ఆదివారం సంఘం ఆఫీసులో మాలో ఇద్దరు కూర్చుంటారు. మీ కాగితాలు తెచ్చుకోండి, సరిచూస్తాం. పరీక్షల తేదీలు గోడ మీద రాసి పెడతాం, ఫోటో తీసి ఊళ్ల గ్రూపుల్లో వేస్తాం. రాష్ట్రం మారిన మండలాల పిల్లలకు అక్కడి తేదీలు వేరుగా రాస్తాం. పాత పుస్తకాలు తెచ్చి పెడుతున్నాం, చదివి తిరిగి ఇవ్వండి. ఇంటింటి గింజ ఒక చోటికి తెచ్చి పంచుకోవడం మనకు కొత్త కాదు కదా.

చివరగా ఆ చీటీ రాసిన చెల్లెలికి జవాబు చెప్పాలి.

చెల్లీ, మీ అక్క మిరప తోటకు పోతున్నది. కూలి పని చేయడం సిగ్గు కాదు, మనమందరం ఆ కూలి తిని పెరిగినవాళ్లమే. కానీ ఆమె చేసిన డీఎడ్ ఎక్కడికీ పోలేదు. టెట్ ఒకసారి పాసైతే చాలు, 2021 నుంచి అది జీవితకాలం చెల్లుతుంది. పని మానకుండానే దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేయవచ్చు. ఆపై బీఎడ్ కూడా చేస్తే ఏకలవ్య బడుల టీచరు పోస్టులకు దేశమంతటికీ కలిపి వచ్చే నోటిఫికేషన్‌కు అర్హత వస్తుంది. డిగ్రీ ఉంటే పంతులు ఉద్యోగం ఒక్కటే కాదు, పది పరీక్షలకు తలుపు తెరుచుకుంటుంది. ఆమెకు తప్పకుండా ఉద్యోగం వస్తుందని మేము మాటివ్వలేం. ఆమె ఒంటరిగా ఎదురుచూడదని మాత్రం మాటిస్తాం.

నువ్వెందుకు చదవాలి అన్నావు. మీ అక్క ఆరేళ్లుగా విత్తనం దాచుకుని కూర్చుంది. ఒకే గింజ దాచమని ఆమెకు చెప్పింది మేమే, పెద్దవాళ్లం. ఆ తప్పు మాది. నీకు మాత్రం ఒకటి కాదు, నాలుగు రకాలు దాచుకోమని చెబుతున్నాం.

సభ అయ్యాక వేదిక పక్కన చెట్టు కింద ఉంటాం. మీ అక్కను తీసుకురా. ఆమె సర్టిఫికెట్లు కూడా తెమ్మను.

జై ఆదివాసీ!